గోడలోని కంబళి

"ఇల్లు చూచి యిల్లాలిని చూడు"మని మన పెద్దలు చెప్పుదురు. వాకిట ముగ్గును, వంటింటి పాత్రల తళుకును, దేవునిగూటిలోని దీపమును చూచి ఆ యింటి యిల్లాలి నేర్పును ఎంచుట మనవారి వాడుక. మేము కాపురముండు దేశమునందు ఇల్లు చూచుట యనగా గోడ లోపల కూడ చూచుట యని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి. అందులకు మాకు రెండు నెలల అద్దెయు, ఒక మంచి ముహూర్తమును ఖర్చయినవి. చలిదేశములలో ఇండ్లు కట్టుకొనుచున్న తెలుగు సోదరీమణులు నేడు చాలమంది కలరు. వారికి అంత ఖర్చు లేకుండ ఈ సంగతి తెలియవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేముండునది కెనడా దేశమునందలి సస్కాచెవాను రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన రెజీనా. కనుచూపు మేర పొలములే గాని గాలికి అడ్డము నిలుచు కొండ యొక్కటియు లేని మైదానమది. చలికాలమున సున్నకు దిగువ 30 డిగ్రీలకు పోవు రాత్రులు ఇక్కడ వింత కాదు. సున్నకు దిగువ 40 వద్ద సెంటిగ్రేడు, ఫారన్‌హీటు కొలతలు రెండును ఒకే యంకెను చూపునని చిన్ననాడు బడిలో వల్లించితిమి. ఆ పాఠమును ఇక్కడ ఒంటితో నేర్చుకొంటిమి.

గోదావరి తీరమున మా అత్తవారి పాతయిల్లు మండువా లోగిలి. ఇంటి నడుమ ఆకాశము కనబడుచుండును. గాలి యెంత వచ్చిన నంత మేలు, పొగ యెంత పోయిన నంత సుఖము. అట్టి యింటిలో అరువది యేండ్లు గడపిన మా అత్తగారు మాయొద్దకు వచ్చి, తలుపులు కిటికీలు బిగించుకొని ఆరు నెలలు లోపల నుండు కాపురమును చూచి, "ఇది ఇల్లా, ఆవకాయ జాడీయా?" అని నవ్విరి. ఆమె నవ్వులాటకు అన్న ఆ మాటలో ఎంత సత్యమున్నదో తరువాత తెలిసినది.

మొదట మేము అద్దెకున్నది చాల పాతయిల్లు. ఉదయమున లేచునప్పటికి కిటికీ అద్దముల వెంబడి నీరు కారి చట్రము మీద మంచుగా గడ్డకట్టి యుండెడిది. మూలగదిలో, బయటిగోడకు ఆనించి పెట్టిన బీరువా వెనుక, నల్లని బూజు పట్టెను. అత్తగారి వేంకటగిరి చీరలు రెండు దాని వాతబడినవి. ఆమెకు తెల్లవారుజామున దగ్గు పట్టుకొనెను. మందులు వాడితిమి, కషాయములు కాచితిమి. వైద్యురాలు అన్నియు విని, "మీ గోడలు పొడిగా నున్నవా?" అని యడిగెను. దగ్గునకును గోడకును సంబంధమేమని మేము తెల్లబోయితిమి.

సంబంధము కలదు. వేసవిలో చల్లని నీరు నింపిన ఇత్తడిచెంబు వెలుపల చెమర్చుట మన మందఱము చూచినదే. ఆ నీరు చెంబు లోపలి నుండి వచ్చినది కాదు. గాలిలో కంటికి కనబడక యుండు తేమ చల్లని లోహమును తాకి నీరైనది. చలిదేశపు ఇల్లు ఆ చెంబునకు తలక్రిందులు. ఇచట చల్లనిది వెలుపల, తేమగల వెచ్చనిగాలి లోపల. మనము అన్నము వండుదుము, ఇడ్లీలు ఉడికింతుము, తడిబట్టలు ఇంటిలోనే ఆరవేయుదుము. నలుగురము ఊపిరి విడుచుటయే తేమ. ఆ తేమ సందులగుండ గోడలోనికి దూరి, చలిగా నున్న చోట నీరై, కొయ్యను కుళ్లజేయును, బూజును పెంచును.

ఇచటి గోడలు ఇటుకతో నిండుగా కట్టినవి కావు. ఆరంగుళముల పలక అని పిలువబడు నిలువు కొయ్యలను వరుసగా నిలిపి, వెలుపల చెక్కలు, లోపల జిప్సము పలకలు కొట్టుదురు. నడుమ ఖాళీలలో వెచ్చదనమును పోనీయని పదార్థమును నింపుదురు. కంబళి వేడిని పుట్టింపదు, ఒంటివేడిని పోనీయదు. గోడలోని యీ కంబళియు నంతే. చాల ఇండ్లలో గాజుదూది నింపి, దానిమీద లోపలివైపున పాలిథీను పొరను సందు లేకుండ బిగింతురు. మేము క్రొత్తయిల్లు కట్టుకొన నిశ్చయించుకొన్నపుడు, కంట్రాక్టరు స్ప్రే ఫోమును గుఱించి చెప్పెను. వెల గాజుదూదికి రెండింతలకు పైనే. అయినను పాతయింటి బూజును తలచుకొని మేము దానినే కోరితిమి.

ఈ ఫోమునకు మూలమైన పాలీయురేథేనును 1937లో జర్మనీలో ఆటో బేయరు అను రసాయనశాస్త్రజ్ఞుడును, అతనితోడివారును కనుగొనిరి. రెండు పీపాలలో రెండు ద్రవములు వచ్చును. ఒకదానిలో ఐసోసైనేటు, రెండవదానిలో పాలియాలు మొదలగునవి యుండును. రెండింటిని సరిసమానముగా, వెచ్చజేసి, పొడవైన గొట్టములగుండ తుపాకివంటి పరికరమునకు తెచ్చి గోడపై చల్లుదురు. ఆ తుపాకి కొనయందే యవి కలిసికొని, క్షణములలో పొంగి గట్టిపడును. పులిసిన ఇడ్లీపిండిలోని బుడగలవలె దానినిండ సన్నని గదులేర్పడును. ఆ గదులలో నిలిచిన వాయువే చలిని ఆపునది.

ఇందు రెండు జాతులు కలవు. మొదటిదానిలో గదులు తెఱచుకొని యుండును. అది నూఱింతలవఱకు పొంగి దూదిపరుపువలె మెత్తగా నుండును, తేమను పోనిచ్చును. రెండవదానిలో గదులు మూసికొని యుండును. అది ముప్పదింతల వఱకు మాత్రమే పొంగి గట్టిగా నుండును. చలిని ఆపు శక్తిని ఇచట ఆర్ అను కొలతతో లెక్కింతురు. అంగుళమునకు మొదటిది సుమారు మూడున్నర, రెండవది సుమారు ఆరు. రెండవది తగినంత మందమైనచో తేమను కూడ ఆపును. కావున చలి మిక్కుటమైన చోట గోడలకు దానినే వాడుట మెండు. మా గోడలకును అదియే. అయితే నిలువు కొయ్యలగుండ చలి వచ్చుచునే యుండును, ఏలన ఒక్క అంగుళపు ఫోము చేయు పనికి నాలుగైదు అంగుళముల కొయ్య కావలెను. అందుచే కొయ్యల వెలుపల గట్టి ఫోము పలకలను కూడ కప్పించితిమి.

మా పొరుగున నొక వృద్ధురాలు కలదు. ఆమె తాతలు ఉక్రెయిను నుండి వచ్చి ఈ గడ్డపై గోధుమ పండించినవారు. ఫోము అను మాట వినగానే ఆమె, "నా యక్క యింట 1970 ప్రాంతముల పోసిరి, తరువాత గోడలు పగులగొట్టి తీయించిరి" అని హెచ్చరించెను. విచారింపగా అది వేఱు వస్తువని తెలిసినది. యూరియా ఫార్మాల్డిహైడు అను ఆ ఫోమును అప్పుడు అనేక గృహములలో నింపిరి. దానినుండి వెలువడు ఘాటైన వాయువు వలన జనులు బాధపడగా, కెనడా ప్రభుత్వము 1980 డిసెంబరులో దానిని నిషేధించినది. వస్తువు వేఱైనను ఆమె హెచ్చరిక వ్యర్థము కాలేదు. గోడలో నింపునది ఏదో, ఎట్లు నింపుదురో అడుగవలెనను బుద్ధి మాకు ఆమె వలననే కలిగినది.

విజయదశమి మఱునాడు పనివారు వచ్చిరి. తలనుండి పాదములవఱకు తొడుగులు, ముఖములకు బయటిగాలిని తెచ్చు గొట్టములతో ముసుగులు. మా అత్తగారు వారికి మజ్జిగ పంపుదమనిరి. లోపలికి ఎవరును రాగూడదని మేస్త్రీ వారించెను. ఐసోసైనేటు ఆవిరి ఊపిరిలోనికి పోయినచో కొందఱికి ఉబ్బసము పుట్టును. ఒకమారు ఒంటికి సరిపడలేదా, తరువాత కొంచెము సోకినను ప్రాణము మీదికి వచ్చును. కావున చల్లిన తరువాత కూడ ఒక దినమైనను ఇంటివారు లోపల అడుగిడరాదు. సరిగా కలిసి గట్టిపడిన ఫోము వలన అంత భయము లేదు.

ఆ "సరిగా" అను మాటలోనే యున్నది అంతయు. రెండు ద్రవములు కలియునపుడు వేడి పుట్టును. ఒకమారు 50 మిల్లీమీటర్లకు, అనగా రెండంగుళములకు మించి చల్లరాదని, అది చల్లారిన తరువాతనే పైపొర వేయవలెనని యిచట నియమము. మందముగా చల్లినచో లోపలి వేడి బయటికి పోలేక ఫోము మాడును, పగులును, కుదించుకొని కొయ్యను విడిచిపోవును. నిప్పంటుకొన్న సందర్భములును కలవు. ద్రవములు సమానముగా రాకపోయినను, కొయ్య చల్లగానో తడిగానో యున్నను ఫోము చెడును.

మూడవనాడు మేము చూడబోయితిమి. గోడలన్నియు వెన్నపూసినట్లు నిండియున్నవి. నేలమాళిగకు దిగగానే అత్తగారు ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని, "ఎండుచేపల వాసన" యనిరి. మాకును తోచెను. మొదటి యంతస్తు దూలముల కొనలు పునాదిగోడపై ఆను చోట, వరుసగా పది పండ్రెండు గదులలో, ఫోము ముదురురంగు తిరిగి యుండెను. దానికిని దూలమునకును నడుమ చిటికెనవ్రేలు పట్టు సందు కలదు. ఆ భాగమును సాయంకాలము పొద్దుపోయిన తరువాత, పని ముగించు తొందరలో, ఒక్క ఊపున నింపిరని తరువాత తెలిసెను.

మేస్త్రీ మర్యాదగానే మాటాడెను. "పలకలు కొట్టి రంగు వేసినచో వాసన పోవును. సందులను డబ్బా ఫోముతో పూడ్చెదము" అనెను. పలకలు కొట్టువారు సోమవారము నుండి రావలసియున్నారు. వారు ఇప్పుడు తప్పినచో నెల దాటిన గాని మఱల దొరకరు. గృహప్రవేశమునకు మార్గశిరమున ముహూర్తము పెట్టించి, బంధువులకు శుభలేఖలు పంపి, విమానపు చీట్లు కూడ కొనియుంటిమి. అది తప్పినచో పుష్యము శూన్యమాసము, ఇక మాఘమునందే. నడుమ గడ్డుచలి రెండు నెలలు ఆ బూజుపట్టిన యింటిలోనే యుండవలెను.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మా యింటివారు అద్దె లెక్కలు వేయుచుండిరి. ఆ మూలను మూసివేయుదమను మాట మా యిద్దఱి నోటను వచ్చినదని దాచక చెప్పుచున్నాము. కనబడని చోటనే కదా, వాసన పోవునని అనుభవజ్ఞుడే చెప్పెను గదా యని మనస్సును సరిపెట్టుకొనుచుంటిమి. ప్రక్కగదిలో అత్తగారు దగ్గుచునే యున్నారు. తెల్లవారుజామున ఆమెయే వచ్చి కూర్చుండి యిట్లనిరి. "అబ్బాయీ, ముహూర్తము తప్పినచో పంతులుగారు మఱియొకటి పెట్టుదురు. గోడ మూసితిరా, దానిని మఱల తెఱచువారెవరు? ఆవకాయ చెడినదని వాసన తెలియుచుండగా ఏ యిల్లాలైనను జాడీకి వాసెన కట్టునా?"

ఆమె ఆ యింటిలో చేరుటకు మా అందఱి కంటె ఆతురపడుచుండినది. ఆ చలికాలము గడుపుట అందఱి కంటె ఆమెకే కష్టము. ఆమెయే ఆ మాట యనిన తరువాత మేము చెప్పుటకేమియు లేకపోయెను.

ఫోము చల్లువారికి ఇచట శిక్షణయు, అనుమతిపత్రమును ఉండవలెను. ప్రతిదినము ఎంత వేడిలో, ఎంత మందమున చల్లినది వారు వ్రాసి యుంచవలెను. ఆ వ్రాతలను చూపుమని కోరితిమి, ఆ సాయంకాలపు పుట ఖాళీగా నుండెను. స్వతంత్రుడైన యొక పరీక్షకుని పిలిపించితిమి. అతడు చెడిన చోట ఒక ముక్కను, మంచి చోట ఒక ముక్కను కోసి తీసెను. మంచిది లేతరంగున, సన్నని గదులతో, వ్రేలితో నొక్కిన నొక్కబడక యుండెను. చెడినదాని నడుమ మాడిన రొట్టె వలె గోధుమరంగు, పెద్దపెద్ద బొక్కలు. అతని వ్రాతమూలకమైన నివేదిక చూచిన తరువాత కంట్రాక్టరు వాదింపలేదు. చెడినదానినంతను కోసివేసి, కొయ్యను గీకి, రెండు పొరలుగా నడుమ చల్లారనిచ్చి మఱల నింపించెను. ఆ ఖర్చు అతడు భరించెను. అద్దె మేము భరించితిమి. విమానపు చీట్ల సొమ్ములో కొంత పోయినది. వాసన మాత్రము పూర్తిగా పోయినది.

ఫోము పని అంతటితో ముగిసినను ఇంటి పని ముగియలేదు. గాలి చొరని యింటిలో తేమయు, వంట పొగయు, మన ఊపిరియు లోపలనే నిలుచును. పాతయిల్లు సందులగుండ ఊపిరి పీల్చుకొనెడిది, క్రొత్తదానికి ఆ సందులు లేవు. దానికి ఊపిరితిత్తులను మనమే అమర్చవలెను. అందులకొక యంత్రము కలదు. అది లోపలి పాతగాలిని బయటకు, బయటి క్రొత్తగాలిని లోపలికి పంపును. రెండు గాలులును పలుచని పొరల కిరువైపుల పోవుచుండుటచే, పోవుగాలి తన వేడిని వచ్చుగాలికి ఇచ్చిపోవును. ఈ విద్యకు మా రెజీనా నగరమే యొక పుట్టిల్లని తెలిసి మేము సంతసించితిమి. 1977లో సస్కాచెవాను పరిశోధన మండలివారు ఇచట ఒక ఇంటిని కట్టిరి. దాని గోడలు పండ్రెండంగుళముల మందము. అందు వాడినది స్ప్రే ఫోము కాదు. మందపు గోడలు, సందు లేని పాలిథీను పొర, వేడిని త్రిప్పియిచ్చు గాలియంత్రము, ముఖ్యముగా ఈ మూటి వలన వేడిగాలి కొలిమి యక్కఱ లేకుండ ఆ యిల్లు ఈ చలిని తట్టుకొన్నది. పనివారి శ్రద్ధయే ఆ యింటికి ముఖ్యమైన కంబళి యని మాకు తోచినది.

పలకలు కొట్టుటకు ముందు వాకిట పెద్ద పంకా బిగించి ఇంటిలోని గాలిని లాగి, ఎచ్చట సందులున్నవో పరీక్షించిరి. అప్పుడు అత్తగారు దేవునిగూటి నుండి అగరువత్తి తెచ్చి వెలిగించి, కిటికీల అంచుల వెంబడి, దీపపు మీటల వెంబడి త్రిప్పిరి. పొగ నిలువుగా పోయిన చోట గోడ మంచిది. పొగ వణకి ప్రక్కకు పోయిన చోట సందు. ఆమె అట్లు మూడు చోట్లు పట్టుకొనిరి. పరీక్షకుడు నవ్వి, తన సంచిలోని పొగగొట్టము కూడ ఇదే పని చేయునని చెప్పెను.

మాఘమాసమున గృహప్రవేశము జరిగినది. వెలుపల సున్నకు దిగువ 31 డిగ్రీలు. పాలు పొంగించితిమి. చిన్న హోమము చేయగా, పొగను కనిపెట్టు గంట మంత్రములను మించి మ్రోగెను. గాలియంత్రమును హెచ్చించిన కొంతసేపటికి సద్దుమణిగెను. మార్గశిరమున రావలసిన బంధువులలో సగముమంది రాలేకపోయిరి. ఆ లోటు లోటే. మఱునాటి ఉదయమున అత్తగారు అందఱికంటె ముందు లేచి, కిటికీ అద్దముపై అరచేయి ఆనించి చూచి, "పొడిగా నున్నది" అని చెప్పిరి. ఆమె దగ్గు ఒక్కనాట పోలేదు గాని వేసవి నాటికి చాల తగ్గినది.

ఈ ఫోమును మెచ్చుకొనుట గాని దూషించుట గాని మా యుద్దేశము కాదు. దీనిని పొంగించుటకు మొదట వాడిన వాయువులు భూమికి గొడుగైన ఓజోను పొరను చెఱచునవి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము తరువాత అవి పోయి, వచ్చినవి భూమిని వేడెక్కించునవి. కెనడాలో 2021 నుండి వానిని కూడ కట్టడి చేయగా, అంత హాని లేనివి వాడుకలోనికి వచ్చినవి. కావున ఏ వాయువుతో పొంగునదియో కూడ అడుగవలెను. ఒకమారు అంటుకొన్న ఫోమును విడదీయుట కష్టము, కొయ్యలను మఱల వాడుకొనుటయు కష్టము. శ్రద్ధతో బిగించిన గాజుదూది, అశ్రద్ధతో చల్లిన ఫోము కంటె మేలు.

క్రొత్తయిల్లు కట్టుకొను సోదరీమణులు పలకలు కొట్టుటకు ముందొక దినము తమకొఱకు ఉంచుకొందురు గాక. ఆ దినమున ప్రతి మూలకు పోయి చూడుడు. వాసన చూడుడు. ఫోము కొయ్యను విడిచినదేమో వ్రేలితో తడవి చూడుడు. చల్లినవారి వ్రాతలను అడుగుడు. నేలమాళిగలో దానిని పలక కప్పకుండ విడువవలదు, అది నిప్పును పట్టును. గాలియంత్రము ఎచ్చట అమర్చుదురో అడుగుడు. ఇవి మగవారి సంగతులని ఊరకుండవలదు. పప్పు మాడినదని పొరుగింటి నుండియే కనిపెట్టగల మన ముక్కులకు ఇది తెలియనిది కాదు. గోడ మూసిన తరువాత ఆ యింటిలో ఊపిరి పీల్చవలసినది మనమును, మన బిడ్డలును, మన పెద్దలును గదా.